కీబోర్డు వృత్తిగా ఎంచుకునేవారికి: వాయించడం, నేర్పడం విడివిడి పనులు కావు

మీరు అడిగిన మూడు ప్రశ్నలను ముందుగా ఒకచోట పెడతాను. ఉద్యోగం చేసుకుంటూ చాలాకాలంగా కీబోర్డు సాధన చేస్తున్న మీరు ఇప్పుడు దాన్నే పూర్తికాల వృత్తిగా చేసుకోవాలనుకుంటున్నారు. ఒకే శైలిలో పట్టు సాధించడం మంచిదా, అన్ని రకాల సంగీతమూ వాయించగలగాలా అన్నది మొదటి ప్రశ్న. పాఠాలు చెప్పడం మొదలుపెడితే వాయించడంలో వెనకబడిపోతానేమో అన్నది రెండో ప్రశ్న. ఉద్యోగం ఎప్పుడు వదిలేయవచ్చన్నది మూడోది. వేదికల మీద, స్టూడియోలలో, గాయక బృందాల రిహార్సళ్లలో వాయిస్తూ, దానితోపాటే చిన్నవాళ్లకూ పెద్దవాళ్లకూ పాఠాలు చెబుతూ జీవిస్తున్న అనుభవంతో నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. కీబోర్డు వాయించేవారిని పిలిచేవాళ్లలో చాలామంది వారి ఒంటరి వాదనం వినడానికి పిలవరు. ఒక గాయని పాడబోతోంది, ఆమెకు ఆధారం కావాలి. ఒక బృందంలో గిటారూ డ్రమ్సూ ఉన్నాయి, మధ్యలో ఏదో ఖాళీగా ఉంది. ఒక స్వరకర్త దగ్గర పాట ఉంది, దానికి ఒళ్లు నిండుగా కనిపించే సంగీతం కావాలి. అక్కడ ఏది లోపించిందో విని, దాన్ని మాత్రమే, తగినంత మోతాదులో అందించగలగడమే ఈ వృత్తిలో అసలు నైపుణ్యం. మీరు అన్ని శైలులూ నేర్చుకున్నా ఈ వినికిడి లేకపోతే రెండోసారి పిలుపు రాదు. అది ఉంటే, మీకు అంతగా అలవాటు లేని శైలిలో కూడా తక్కువ స్వరాలతో గౌరవంగా నిలబడగలుగుతారు. పాఠం చెప్పడంలోనూ ఇదే వినికిడి పనిచేస్తుంది కాబట్టే వాయించడాన్నీ నేర్పడాన్నీ నేను రెండు వృత్తులుగా చూడను.

ఇది కొత్త సంగతేమీ కాదు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కాలంలో యూరప్‌లోని కీబోర్డు వాద్యకారుడికి చాలాసార్లు బాస్ వరుస మాత్రమే రాసి ఇచ్చేవారు. దాని కింద అంకెలు ఉండేవి. ఆ అంకెలను బట్టి కుడిచేతి స్వరాలను అప్పటికప్పుడు తానే కూర్చుకుని, పాడేవారికీ ఇతర వాద్యాలకూ పక్కవాద్యంగా వాయించాల్సి వచ్చేది. ఈనాడు మన ముందు పెట్టే కార్డ్ చార్టు, అంటే కార్డ్‌ల (కలిపి పలికించే స్వరాల గుంపుల) పేర్లు మాత్రమే రాసిన కాగితం, చేసే పని కూడా సరిగ్గా అదే. ఆ బాఖ్ 1720లో తొమ్మిదేళ్ల పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఒక సాధన పుస్తకం మొదలుపెట్టాడు. 1723 నుంచి లైప్‌జిగ్‌లో ఆరాధన సంగీతం, పాఠశాల బాధ్యతలు, స్వరరచన అన్నీ కలిపి మోశాడు. ఒకే పనికి పరిమితమైన వాద్యకారుడు అన్న ఊహ, ఆ తరువాతి కాలపు కచేరీ సంస్కృతి వల్ల మనకు అలవాటైంది.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. అన్నీ వాయించడం అంటే చాలామంది పాటల సంఖ్య పెంచుకోవడం అనుకుంటారు. నా దృష్టిలో అది ముందుగా టచ్‌కు సంబంధించిన విషయం. సుమారు 1700 ప్రాంతంలో బార్తొలొమెయో క్రిస్తోఫోరి తయారుచేసిన పియానోలో సుత్తి తీగను కొడుతుంది కాబట్టి వేలి బలాన్ని బట్టి నాదం పెరుగుతుంది, తగ్గుతుంది, వదలకుండా పట్టుకున్నా క్రమంగా ఆరిపోతుంది. 1935లో వచ్చిన హ్యామండ్ ఆర్గన్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ వర్తించదు. మెట్టును ఎంత గట్టిగా నొక్కినా ఒకే శబ్దం, నొక్కి ఉంచినంతసేపూ అదే నిండుదనం. బిగ్గరతనం కాలి కింది పెడల్‌తో మారుతుంది, నాద స్వభావం తొమ్మిది డ్రాబార్లతో (ముందుకూ వెనక్కూ లాగే మీటలతో) మారుతుంది, దానికి జత చేసే లెస్లీ స్పీకరు నెమ్మదిగా తిరుగుతోందా వేగంగా తిరుగుతోందా అన్నదాన్ని బట్టి భావం మారుతుంది. పియానో అలవాటుతో ఆర్గన్ శబ్దం మీద సస్టెయిన్ పెడల్ (మెట్టు వదిలినా స్వరాన్ని సాగించేది) తొక్కేవారిని తరచుగా చూస్తుంటాం. స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి పాటను ముంచేస్తాయి. ఆర్గన్‌లో స్వరాన్ని స్వరానికి అతికించాల్సింది వేళ్లే. ఒక మెట్టును నొక్కి ఉంచే ఒక వేలి స్థానంలోకి మరో వేలిని నిశ్శబ్దంగా మార్చి, మొదటి వేలిని తరువాతి స్వరానికి పంపాలి. ఈ ఒక్క సాధన వారాల తరబడి చేయదగ్గది.

అలాగే వయొలిన్ల బృందం శబ్దం మెల్లగా విచ్చుకుంటుంది. తాళం దెబ్బ మీదే మెట్టు నొక్కితే వినేవారికి అది ఆలస్యంగా చేరుతుంది కాబట్టి వెంట్రుకవాసి ముందుగా నొక్కడం అలవాటు చేసుకోవాలి. ట్రంపెట్ల శబ్దం వాయించేటప్పుడు, ఊపిరి తీసుకునే మనుషులు వాయిస్తున్నట్టుగా పదబంధానికీ పదబంధానికీ మధ్య విరామం ఇవ్వాలి. ఫెండర్ రోడ్స్ రకం ఎలక్ట్రిక్ పియానోలో సుత్తి లోహపు కడ్డీని కొడుతుంది. మెల్లగా వాయిస్తే గంటలా, గట్టిగా వాయిస్తే గరుకుగా పలుకుతుంది, ఆ రెండింటి మధ్య సరిహద్దులోనే దాని అందమంతా ఉంది. ఈనాటి కీబోర్డులో ఈ శబ్దాలన్నీ ఒకే మెట్ల వరుస మీద దొరుకుతాయి. అందుకే వాయించేవాడు ప్రతి ప్యాచ్‌కూ, అంటే ఎంచుకున్న ప్రతి శబ్దానికీ, చేతులను మార్చుకోవాలన్న సంగతి మరుగున పడుతుంది. వేగంగా పరుగెత్తే వేళ్లకంటే ఈ మార్పు తెలిసిన వేళ్లకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

బృందంలో వాయించేటప్పుడు ఎడమచేయి పెద్ద సమస్య. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేవారి ఎడమచేయి బాస్ గిటారు పని కూడా చేస్తుంటుంది. బృందంలో బాస్ వాయించే మనిషి ఉన్నప్పుడు అదే చేయి అతని దారికి అడ్డు వస్తుంది. పైగా మధ్య సి నుంచి ఒక స్థాయి కిందికి దిగిన తరువాత దగ్గర దగ్గర స్వరాలను కలిపి నొక్కితే వాటి ఉపస్వరాలు ఒకదానితో ఒకటి ఢీకొని నాదం మసకబారుతుంది. కింద స్వరాలను దూరదూరంగా, పైకి వెళ్లేకొద్దీ దగ్గరగా పెట్టాలి. బాస్ ఉన్నచోట కార్డ్ మూలస్వరాన్ని వదిలేసి మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే వాయించి చూడండి. డి మైనర్ సెవెన్త్‌కు ఎఫ్, సి. తరువాత జి సెవెన్త్‌కు ఎఫ్ అలాగే ఉంటుంది, సి మాత్రం అరస్వరం దిగి బి అవుతుంది. ఆ తరువాత సి మేజర్ సెవెన్త్‌కు బి అలాగే ఉండి, ఎఫ్ అరస్వరం దిగి ఇ అవుతుంది. రెండంటే రెండు స్వరాలు, చేయి దాదాపు కదలదు, అయినా మూడు కార్డ్‌ల నడకా చెవికి సంపూర్ణంగా అందుతుంది. దీన్ని పన్నెండు శ్రుతుల్లోనూ సాధన చేసినవారికి జాజ్ మాత్రమే కాదు, ఏ పాట దగ్గరైనా చేతులు తేలికపడతాయి.

గాయకులతో పని చేయడం గురించి ఎంత రాసినా తక్కువే, ఎందుకంటే కీబోర్డు వాయించేవారికి పని ఎక్కువగా అక్కడినుంచే వస్తుంది. మీరు సి లో నేర్చుకున్న పాటను ఆమె ఎ ఫ్లాట్‌లో పాడతానంటుంది. రిహార్సల్‌లో గొంతు బాగాలేకపోతే అర శ్రుతి తగ్గించమంటుంది. వేళ్లు అవే మెట్ల మీద ఉండగానే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడటం తప్పని నేను అనను. కానీ అది ఉందన్న ధీమాతో శ్రుతులు నేర్చుకోకపోవడం వృత్తికి చేటు. నిజమైన తీగల పియానో ఉన్న వేదికలో ఆ బటన్ ఉండదు. బటన్ మార్చిన సంగతి మరిచి తరువాతి పాట మొదలుపెడితే మొదటి స్వరంలోనే మొత్తం బృందానికి ఇబ్బంది. కార్డ్‌లను పేర్లతో కాక, శ్రుతి మొదటి స్వరం నుంచి లెక్కించిన స్థానాలతో గుర్తుపెట్టుకోండి. 1, 6, 4, 5 అని గుర్తున్న పాటను ఏ శ్రుతిలోనైనా వాయించవచ్చు. వేదిక మీద తీగల పియానో ఉంటే ముందుగా దానితో మీ కీబోర్డు శ్రుతి సరిపోల్చడం కూడా అలవాటు చేసుకోండి. ఎ స్వరానికి 440 హెర్ట్జ్ అన్నది సాధారణ ప్రమాణమే అయినా, చాలాకాలం శ్రుతి చేయని పియానో దానికంటే కిందికి దిగి ఉంటుంది, అప్పుడు సర్దుకోవాల్సింది మీ వాద్యమే.

పాట మధ్యలో గాయకుడు ఒక పంక్తి వదిలేసి ముందుకు వెళ్లిపోవడం ఎవరికైనా జరిగేదే. ఆ క్షణంలో పక్కవాద్యకారుడు ఏం చేస్తాడన్నదాన్ని బట్టే అతనికి పేరు వస్తుంది. కుడిచేతి అలంకారాలన్నీ వెంటనే ఆపేయాలి. ఉన్న కార్డ్‌ను పట్టుకుని, గాయకుడు పలుకుతున్న మాట ఏ పంక్తిలోదో వినాలి. తెలిసిన వెంటనే తరువాతి బార్ (తాళం ఒక చుట్టు) మొదటి దెబ్బ మీద ఆ పంక్తికి తగిన మూలస్వరాన్ని ఎడమచేత్తో స్పష్టంగా పలికించాలి. బాస్, గిటారు వాయించేవాళ్లు ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని వచ్చేస్తారు. గాయకుడు దారి తప్పాడని చూపించేలా రాగాన్ని బిగ్గరగా వాయించి సరిదిద్దడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. శ్రోతలకు ఏమీ తెలియకుండా పాట ముగిస్తే, ఆ గాయకుడు జీవితాంతం మిమ్మల్నే అడుగుతాడు. పాట మొదట్లో వచ్చే వాద్యభాగం చివర గాయకుడు ఎత్తుకోవాల్సిన స్వరాన్ని సహజంగా వినిపించడం, పంక్తుల మధ్య ఊపిరికి చోటివ్వడం కూడా ఇదే శ్రద్ధలో భాగాలు.

గాయక బృందాల రిహార్సళ్లకు వాయించడం అంతగా ఎవరూ చెప్పుకోని పని, కానీ క్రమం తప్పకుండా దొరికే పని. నాలుగు గొంతులకు నాలుగు వరుసల్లో రాసిన సంగీతాన్ని ఒకేసారి చదవాలి. టెనర్ (మగవారి పైగొంతు) వరుసను ట్రెబుల్ క్లెఫ్‌లో, అంటే పైస్వరాలకు వాడే గుర్తుతో, రాసినా వాళ్లు ఒక స్థాయి కింద పాడతారన్నది కళ్లకు అలవాటు కావాలి. ఆల్టో (ఆడవారి కిందిగొంతు) వాళ్లు తడబడితే వాళ్ల వరుసను మాత్రమే కొంచెం పైకి వినిపించాలి. నాట్య తరగతులకు వాయించడంలో ఎనిమిది దెబ్బల వాక్యాలను గడియారంలా నిలబెట్టాలి. రంగస్థల సంగీతంలో వందల ప్యాచ్ మార్పులను కాలి పెడల్‌తో వరుసగా దాటుకుంటూ పోవాలి. చదవడం వచ్చినవారికే ఈ తలుపులు తెరుచుకుంటాయి కాబట్టి, చెవితో వాయించడంలో మీరు ఎంత గట్టివారైనా నొటేషన్ చదవడాన్ని రోజుకు కొంతసేపు, పాత పాఠం మళ్లీ కాకుండా ప్రతిరోజూ కొత్త పేజీతో, సాధన చేయమని నా సలహా.

స్టూడియోలో పద్ధతి వేరు. అక్కడ క్లిక్ (చెవిలో వినిపించే తాళం దెబ్బ) మీద స్థిరంగా ఉండటం ప్రాథమిక అర్హత. రికార్డింగ్ చేసేటప్పుడు ఆడియోతోపాటు మిడి కూడా నమోదు చేయించండి. 1983లో వచ్చిన ఈ మిడి పద్ధతి మీరు ఏ మెట్టును, ఎంత బలంతో, ఎంతసేపు నొక్కారో మాత్రమే రాసుకుంటుంది కాబట్టి, రేపు పియానో వద్దనుకుంటే మళ్లీ వాయించకుండానే శబ్దాన్ని మార్చవచ్చు. మెట్టు నొక్కిన తరువాత శబ్దం ఆలస్యంగా వినిపిస్తున్నట్టయితే కంప్యూటర్ ఒక్కోసారి ఎంత శబ్దాన్ని పోగుచేసుకుని పంపుతుందో తెలిపే బఫర్ పరిమాణం చూడండి. సెకనుకు 44,100 శాంపిళ్ల వద్ద 128 శాంపిళ్ల బఫర్ దాదాపు 3 మిల్లీసెకన్ల ఆలస్యాన్నే కలుపుతుంది, 512 అయితే అది 12 మిల్లీసెకన్లకు చేరువవుతుంది, అప్పుడు తాళం మీద మీ పట్టు తెలియకుండానే సడలుతుంది. ఇంటినుంచి రికార్డు చేసి పంపేటప్పుడు ప్రతి వాద్యాన్నీ వేరే ఫైలుగా, అన్నీ పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా ఇస్తే అవతలివారు వాటిని జరుపుకోకుండా నేరుగా పేర్చుకోగలుగుతారు. స్వరకర్తకు ఒకే భాగాన్ని ఒకటి పలుచగా, మరొకటి నిండుగా వాయించి ఇవ్వడం నేను ఎప్పుడూ పాటిస్తాను. దాదాపు ప్రతిసారీ పలుచనిదాన్నే తీసుకుంటారు.

వేదిక మీద ఎదురయ్యే చిన్న చిన్న ఇబ్బందుల్లో రెండింటిని ప్రత్యేకంగా చెబుతాను. పెడల్ తొక్కినప్పుడు శబ్దం తెగిపోయి, వదిలినప్పుడు సాగుతోందంటే పెడల్ పాడైందని చాలామంది కంగారుపడతారు. అనేక కీబోర్డులు పవర్ వేసిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి, దాన్నే వదిలిన స్థితిగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ క్షణంలో కాలు పెడల్ మీద ఉంటే అంతా తలకిందులవుతుంది. పవర్ ఆపి, కాలు తీసి, మళ్లీ వేస్తే సరిపోతుంది. రెండోది, స్టీరియో పియానో శబ్దాన్ని హాలు వ్యవస్థలో రెండు వైపులనూ ఒకటిగా కలిపేస్తే కొన్ని స్వరాలు సన్నబడిపోతాయి. అలాంటిచోట ఎడమ అవుట్‌పుట్‌నే మోనోగా (ఒకే ధారగా) వాడుకుని, మోనో కోసం చేసిన పియానో ప్యాచ్ పెట్టుకోవడం మేలు. కంపెనీ ఇచ్చిన ప్యాచ్‌లలో గుమ్మరించి ఉండే రివర్బ్‌ను (కృత్రిమ ప్రతిధ్వనిని) కూడా తగ్గించుకోండి, హాలుకు తనదైన ప్రతిధ్వని ఎలాగూ ఉంటుంది. అదనపు పెడల్, అదనపు అడాప్టరు, ప్యాచ్‌ల కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఇప్పుడు పాఠాల సంగతి. మీ ప్రశ్నలో ఒక భయం కనిపిస్తోంది: వాయించడంలో అవకాశాలు రానివారే నేర్పుతారన్న మాట మీరు ఎక్కడో విని ఉంటారు. ఆ మాటతో నేను ఏమాత్రం ఏకీభవించను. విద్యార్థి వాయిస్తున్నప్పుడు లోపం ఎక్కడుందో వినడం, బృందంలో ఖాళీ ఎక్కడుందో వినడం ఒకే చెవి చేసే పని. పైగా మీకు సహజంగా వచ్చేసిన ప్రతి విషయాన్నీ మరొకరికి విడమరిచి చెప్పవలసి వచ్చినప్పుడే అది మీకు నిజంగా వచ్చో లేదో తేలుతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఒక విద్యార్థి కుడిచేయి విడిగా బాగా వాయిస్తాడు, ఎడమచేయీ విడిగా బాగా వాయిస్తాడు, రెండూ కలిపితే మూడో బార్ దగ్గర ఆగిపోతాడు. ఇంకా నెమ్మదిగా వాయించమని చెప్పడం తేలిక. అయితే సాధారణంగా సమస్య వేగంలో ఉండదు. అతను బార్‌ను బార్‌గా సాధన చేశాడు, బార్‌లను విడదీసే గీత వచ్చినచోటల్లా ఆగి ఊపిరి తీసుకున్నాడు, ఇప్పుడు ఆ ఆగడం కూడా పాటలో భాగంగా చేతికి అలవాటైపోయింది. అలాంటప్పుడు రెండో బార్ చివరి రెండు దెబ్బలు, మూడో బార్ మొదటి స్వరం మాత్రమే రెండు చేతులతో వాయించమంటాను. అంతే, ఆ మొదటి స్వరం మీదకు చేరి ఆగాలి. అది కుదిరిన తరువాత ఒక దెబ్బ ముందునుంచి, ఆ తరువాత మరో దెబ్బ ముందునుంచి మొదలుపెట్టిస్తాను. గమ్యం మారదు, ప్రయాణం మాత్రం పొడుగవుతుంది. పదినిమిషాల్లో ఆ గీత దగ్గరి అతుకు మాయమవుతుంది, అంతకుమించి అతనికి ఇంట్లో తనంతట తాను సాధన చేసుకునే పద్ధతి ఒకటి చేతికి వస్తుంది. మంచి పాఠమంటే గురువు లేని ఆరు రోజులూ ఉపయోగపడేదే అన్నది నా గట్టి నమ్మకం.

ఒక పాఠంలో ఒక లోపాన్నే పట్టుకోండి. మణికట్టు బిగుసుకుంది, తాళం జారింది, పెడల్ మసకబారింది అని మూడూ ఒకేసారి చెబితే విద్యార్థి మూడింటినీ మరిచిపోతాడు, వాయించడానికి భయపడటం మాత్రం నేర్చుకుంటాడు. మెట్ల మీద స్వరాల పేర్లు అంటించడాన్ని నేను ప్రోత్సహించను. రెండు నల్లమెట్ల గుంపు, మూడు నల్లమెట్ల గుంపు చూసి దారి తెలుసుకోవడం ఒక్క పాఠంలో వచ్చేస్తుంది, స్టిక్కర్లు మాత్రం ఏడాదైనా కళ్లను కిందికే లాగుతుంటాయి. కీబోర్డులో సిద్ధంగా ఉండే ఆటో రిథమ్ స్టైళ్లను మొదట్లో సరదాకు వాడుకోవచ్చు, కానీ ఒక వేలు నొక్కితే బృందమంతా పలికే ఆ సదుపాయానికి అలవాటుపడిన పిల్లల ఎడమచేయి ఎదగదు. ప్రతి పాఠంలో కొద్దిసేపు విద్యార్థితో కలిసి వాయించండి. అతను రాగం వాయిస్తే మీరు ఆధారం ఇవ్వండి, తరువాత చోట్లు మార్చుకోండి. ఒంటరిగా నేర్చుకునే వాద్యం కావడం వల్ల కీబోర్డు విద్యార్థులకు పక్కమనిషిని వినే అలవాటు ఆలస్యంగా వస్తుంది. దాన్ని మొదటి నెలలోనే నాటగలిగేది గురువు మాత్రమే.

వయసు వచ్చిన తరువాత నేర్చుకునేవారి దగ్గర మరింత ఓర్పు కావాలి. వారి చెవికి, అభిరుచికి దశాబ్దాల అనుభవం ఉంటుంది, వేళ్లకు మాత్రం ఏమీ ఉండదు. ఆ దూరం వారిని బాధపెడుతుంది. పసిపిల్లల పాటలతో మొదలుపెట్టకుండా, వారు ప్రేమించే పాటలోని రెండు కార్డ్‌లతో మొదలుపెడితే ఆ బాధ ఓపికగా మారుతుంది. ఆన్‌లైన్ పాఠాల విషయంలో ఒక్క మాట: ఇద్దరూ ఒకేసారి కలిసి వాయించడం అందులో కుదరదు, ఇంటర్నెట్ ఆలస్యం దాన్ని ఒప్పుకోదు. కాల్ ప్రోగ్రాములు మాటలకోసం చేసినవి కాబట్టి సాగే స్వరాలను చప్పుడనుకుని కోసేస్తాయి, ఆ శబ్ద నివారణను ఆపేసి, మెట్ల మీదకు పైనుంచి ఒక కెమెరా పెట్టించండి.

పాఠాలవల్ల చేతులు మొద్దుబారతాయా అంటే, తన సాధన సమయాన్ని కాపాడుకోనివారికి మొద్దుబారతాయి. మొదటి విద్యార్థి రాకముందే మీ సొంత సాధన అయిపోవాలి, దాన్ని సాయంత్రానికి వాయిదా వేస్తే అది ఇక జరగదు. అంతకుమించి భయపడనక్కర్లేదు. బేథోవెన్ దగ్గర నేర్చుకున్న కార్ల్ చెర్నీ తన జీవితంలో ఎక్కువ భాగం పాఠాలు చెప్పడంలో గడిపి, ఆ మధ్యలోనే విస్తారంగా రచనలు చేశాడు. ఫ్రాంజ్ లిస్ట్ అతని విద్యార్థి. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1960ల మధ్యలో కుడిచేతి చివరి రెండు వేళ్లు స్వాధీనం తప్పాయి. ఆయన ఎడమచేతి రచనలు వాయించాడు, వాద్యబృందాలకు కండక్టర్‌గా వ్యవహరించాడు, పీబాడీ సంగీత విద్యాసంస్థలో పాఠాలు కొనసాగించాడు, 1990ల్లో మళ్లీ రెండు చేతులతో వేదిక ఎక్కగలిగాడు. సంగీతంలో ఒకటికంటే ఎక్కువ దారులు తెరిచి ఉంచుకోవడం ఎందుకో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

చేతుల ప్రస్తావన వచ్చింది కనుక ఆరోగ్యం గురించి కూడా చెప్పాలి. మోచెయ్యి మెట్ల ఎత్తుకు సమానంగా ఉండేలా ఆసనం సర్దుకోండి. స్టాండు ఎత్తు ఒక వేదికలో ఒకలా, మరో వేదికలో మరోలా ఉండనివ్వకండి. నొప్పి వచ్చినా వాయించడం పట్టుదల అనిపించుకోదు, ఆపి వైద్యుణ్ణి కలవండి. వినికిడిని మరింత జాగ్రత్తగా కాపాడుకోవాలి. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల ధ్వనిలో 8 గంటలకు మించి ఉండకూడదు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే. డ్రమ్స్ పక్కన నిలబడి సాగే రిహార్సల్ ఆ హద్దును తేలిగ్గా దాటేస్తుంది. సంగీతకారులకోసం చేసే ఇయర్ ప్లగ్‌లు అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి వాటితో వాయించడం అలవాటవుతుంది.

చివరగా ఉద్యోగం సంగతి. వేదికల ఆదాయం కాలాన్ని బట్టి పోటెత్తుతుంది, ఎండిపోతుంది. పాఠాల ఆదాయం చిన్నదే కావచ్చు గానీ నెలనెలా వస్తుంది. అందుకే నెలవారీ స్థిరమైన ఖర్చులన్నీ పాఠాల రుసుముతోనే గడిచే స్థితి వచ్చేవరకు ఉద్యోగం వదలవద్దని చెబుతాను, అది మొదటి గుర్తు. పాఠాలకు రుసుము నెల మొదట్లోనే తీసుకోండి, మానేసిన పాఠానికి ఏమవుతుందో చేరేరోజే రాసి ఇవ్వండి. వేదికకు ఒప్పుకునేటప్పుడు ఎన్ని గంటలు, ప్రయాణం ఎవరిది, రిహార్సల్ దానిలో భాగమా కాదా అన్నవి, స్టూడియోకు ఒప్పుకునేటప్పుడు ఎన్నిసార్లు మార్పులు చేసి ఇవ్వాలి, మీ వాదనానికి పేరు వేస్తారా, స్వరరచనలో మీ పాలు ఉంటే దానికి వాటా ఉందా అన్నవి పని మొదలుకాకముందే సందేశం రూపంలోనైనా ఖాయం చేసుకోండి. రెండో గుర్తు ఆదాయానికి సంబంధించినది కాదు. మిమ్మల్ని ఒకసారి పిలిచినవారు తమంతట తాము మళ్లీ పిలుస్తున్నారా, మీకు తెలియని వాళ్లకు మీ పేరు చెబుతున్నారా అన్నది గమనించండి. కొత్తవాళ్లనుంచి ఎన్ని పిలుపులు వచ్చినా పాతవాళ్లు తిరిగి రాకపోతే ఇంకా ఆగాలి. ఈ రెండూ కుదిరి, మూడు నాలుగు నెలల ఖర్చు పక్కన ఉంటే, నా అభిప్రాయంలో మీరు నిస్సంకోచంగా రాజీనామా ఇవ్వవచ్చు.